ఉప్పు లేని పప్పు

మూడు రోజులుగా కూతురు హేమ పొద్దున్నే లేచి పప్పు వండుతోంది. తాగిన కాఫీ గ్లాసు కూడా కడగని పిల్ల! మల్లేశ్వరికి అనుమానం అక్కడే మొదలైంది.

గురువారం ఉదయం అది ముదిరింది. మద్దికెర నుంచి మరిది శ్రీనివాసులు ఆటో మాట్లాడుకుని వస్తున్నాడు, అత్త హులిగమ్మను తన ఇంటికి తీసుకుపోవడానికి. ఆమె బట్టల మూట అప్పుడే వసారాలోకి చేరింది. పోయిన ఆదివారం అతను ఫోన్లో పిలవగానే ఆమె, "వస్తాలేప్పా" అంది. భర్త నాగేష్, "నీ ఇష్టమ్మా" అన్నాడు. మల్లేశ్వరి, "అట్లే కానీండి" అంది. ఇరవై ఏళ్లు తనతో ఒకే పొయ్యి దగ్గర బతికిన మనిషి ఒక్క మాటతో పోతానందంటే, ఎవరో ఎక్కించి ఉండాలి. ఎవరు?

హేమ పడుకునే పక్క దులుపుతుంటే మల్లేశ్వరికి దిండు కింద నోటుబుక్కు దొరికింది.

"సోమవారం. పప్పులో ఉప్పు వేయలేదు. అవ్వ: బాగుంది. నాయన: బాగుంది. అమ్మ: బాగుంది."

మంగళవారం అదే. బుధవారం అదే.

మల్లేశ్వరికి ఒళ్లు మండింది. తన నాలుకకే ఏదో రోగమొచ్చిందని మూడు రోజులుగా దిగులు పడుతోంది! నోటుబుక్కుతో వంటింట్లోకి దూసుకుపోయింది.

"ఏమే, మా మింద నిఘా పెట్టినావా? ఎవురికి సూపించేకి? మీ చిన్నాయనకా?"

"కాలేజీకమ్మా. సైకాలజీ ప్రాజెక్టు." హేమ బెదరలేదు. "ఉప్పు లేదని నీకు తెలీలేదా?"

"మీ అవ్వ బాగుందనె కదా. నా నోరే బాగలేదేమో అనుకుంటి."

"అమ్మే బాగుందన్యాక నేనేం సెప్పేది?" అన్నాడు గుమ్మంలోంచి నాగేష్.

గోడవారన కూర్చున్న హులిగమ్మ నవ్వింది. "ఎప్పుడూ లేంది వండితివి. నొచ్చుకుంటావని అట్లంటి."

"ఒకరు చెప్తే అందరూ తలూపినారు. ఆదివారం ఫోన్లో కూడా ఇట్లే అయిందేమో! ఒకరి మాట ఇంకొకరు వినకుండా అడిగితేనే నిజం తెలిసేది," అంది హేమ.

ముగ్గురి చేతుల్లో తలా ఒక శనక్కాయ గింజ, ఒక పత్తిగింజ పెట్టింది. చెంబు మీద తువ్వాలు కప్పింది.

"అవ్వ ఈడే ఉండాలంటే శనక్కాయ గింజ. పోవాలంటే పత్తిగింజ. ఒకటి చెంబులో వేసి, రెండోది గోనెసంచిలో పారేయండి."

"ఆటో వచ్చేటప్పుడు ఈ ఆటలేందే?" నాగేష్ విసుక్కుంటూనే చెయ్యి పెట్టాడు. అత్త తువ్వాలు కింద చెయ్యి పెట్టి చటుక్కున తీసేయడం మల్లేశ్వరి చూసింది. పత్తిగింజే వేసి ఉంటుంది, అనుకుంది.

వీధిలో ఆటో హారన్ మోగింది. హేమ చెంబును పళ్లెంలో బోర్లించింది.

మూడూ శనక్కాయ గింజలే.

మల్లేశ్వరి అత్త వైపు తిరిగింది.

"మరి వస్తానని యాల అంటివత్తా?"

"వద్దని ఒక్కరన్నా అంటారేమోనని సూసినా," అంది హులిగమ్మ. "ఎవురూ అనకపోతిరి. మీకు బరువైనానేమో అనుకున్నా."

"నేనేమో, నాతో ఇసిగిపోయినావనుకుంటి!" మల్లేశ్వరి బొటబొటా కన్నీళ్లు కారుస్తూ అత్త పక్కన కూలబడింది.

శ్రీనివాసులు లోపలికొచ్చి బిత్తరపోయాడు. హులిగమ్మ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నేను రానప్పా. ఏమనుకోకు. పండక్కి వస్తాలే. తిని పో."

హేమ అందరికీ వడ్డించింది. హులిగమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. అలవాటుగా అందరూ ఆమె ముఖంలోకే చూశారు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేను సెప్పను. ముందు నువ్వు సెప్పు మల్లేశ్వరీ."

మల్లేశ్వరి కళ్లు తుడుచుకుంది.

"ఈ పొద్దు కూడా ఉప్పు లేదత్తా."