పంటి చుట్టరికం

పన్ను మెషిన్‌లోకి జారింది, గాజు తలుపు మూసుకుంది. తలుపు బిగిసిందో లేదో సుభాషిణి మళ్లీ ఓసారి నొక్కి చూసింది. రోజుకు ఇరవైసార్లు చేసే ప్రయోగమే అయినా, ఈసారి ఎదురుగా కూర్చున్నది కన్నతండ్రి.

అది 2071. కర్నూలు శిలాజ కేంద్రంలో ఆ వంశమాపకాన్ని నడిపేది సుభాషిణే. ప్రభుదాసును పెళ్లి చేసుకుంటానని ఆమె అన్న రోజు తండ్రి ఓబులేసు ఒకే మాట అన్నాడు. "వాళ్ల మూలం వేరు, మన మూలం వేరు. ఒకటేనని రుజువు చెయ్, నోరెత్తితే అడుగు." ఆ మాట పట్టుకునే ఆమె అందర్నీ ఇక్కడికి లాక్కొచ్చింది.

"రెండు లక్షల ఏళ్ల కిందట ఆఫ్రికాలో బతికిన ఒక తల్లి పన్ను ఇది" అంది డాక్టర్ మెహరున్నీసా. "పంటి పైపొరలో చిక్కుకున్న ప్రోటీన్ అంత తేలిగ్గా చెడిపోదు. దాన్నీ మీ లాలాజలాన్నీ పోల్చి, తల్లి నుంచి తల్లికి లెక్క కట్టుకుంటూ పోతుంది మెషిన్."

"ఎంత దూరం పోతాదమ్మా?"

"ఎనిమిది వేల తరాలు."

ఓబులేసు నవ్వాడు. ఏడు తరాల పేర్లు చెప్పమంటే మూడో పేరు దగ్గరే ఆగిపోయే మనిషి.

తెర వెలిగింది. సుభాషిణి, ప్రభుదాసు, ఇద్దరూ ఆ తల్లి సంతానమే. ఇద్దరిదీ ఎనిమిదివేల నలభై ఒకటో తరం. సుభాషిణికి కళ్లు చెమర్చాయి, గెలిచానన్న సంతోషం.

అంతలో కింది గడి కూడా నిండింది. చూడటానికి వచ్చినవాళ్లంతా "ఈవిడ మాకేమవుతుంది? వాళ్లు మాకేమవుతారు?" అని ప్రాణం తోడేస్తుంటే, విసుగెత్తి పోయినేడు ఆమే ఆ గడి చేర్చింది. అక్కచెల్లెళ్ల పిల్లలు ఒకరికొకరు ఏమవుతారో దానికి నేర్పింది కూడా ఆమే.

వరుస: అన్నాచెల్లెళ్లు.

ఓబులేసు కుర్చీలోంచి లేచాడు. "చూసినావా! మూలం ఒకటే, ఒప్పుకున్న్యా. వావివరుసలు చెడగొట్టి పెళ్లి ఎట్లా చేస్తారు?"

"నాయనా, అది ఎనిమిది వేల తరాల కిందటి మాట!"

"చెల్లెలు ఎప్పటికైనా చెల్లెలే."

ప్రభుదాసు తల వంచుకున్నాడు. తన గొయ్యి తానే తవ్వుకున్నానని సుభాషిణికి అర్థమై, ఏడుపు ముంచుకొచ్చింది. శిలాజాలతో వాదించడం డాక్టర్‌కు తెలుసు, ఓబులేసుతో వాదించడం తెలియదు.

మూలన కూర్చున్న సుభాషిణి తల్లి మద్దిలేటమ్మ మెల్లగా వచ్చి, గొట్టంలో ఉమ్మి, "మీ నాయనది కూడా తీసుకో" అంది కూతురితో.

"నాదెందుకు?" అన్నాడు ఓబులేసు.

"రుజువు అడిగింది నువ్వే గదా."

రెండు నిమిషాల్లో తెర నిండింది. ఇద్దరిదీ ఎనిమిదివేల నలభయ్యో తరం. వరుస మారలేదు.

మద్దిలేటమ్మ కొంగు సర్దుకుంది. "ముప్పై ఏళ్లుగా ఎంత పాపం చేసినాం మనం! పద అన్నా, ఇంటికి పోదాం."

గదిలో ఎవరూ నవ్వలేదు, నవ్వే ధైర్యం లేక. కారెక్కాక "అన్నా, కిటికీ ఎయ్యి" అంది. ఇంటి దగ్గర "అన్నా, అన్నానికి రా" అని వీధికంతా వినబడేలా పిలిచింది. పడక నడవాలోకి మార్చుకుంది.

నాలుగో రోజు ఓబులేసు కూతురికి ఫోన్ చేశాడు. "పెళ్లికి ముహూర్తం పెట్టించమ్మా. ఆ గడి మాత్రం తీసెయ్."

ఆమె తీసేసింది. తల్లి మాత్రం మూడుముళ్లు పడేదాకా పిలుపు మార్చలేదు.