కుండలు పగలగొట్టిన గుహ

మే నెలలో ఎడారికి బయలుదేరే మనిషికి పిచ్చైనా ఉండాలి, పగైనా ఉండాలి. పల్లపు తిరుపాలుకు పగ ఉంది. ముప్పయ్యేళ్లుగా దానికి గడ్డివేసి, నీళ్లుపెట్టి, బిడ్డలకంటే బాగా పెంచాడు.

ఆ పగంతా ఓబులేసు మీద. ఇద్దరూ బేతంచెర్ల పక్కన ఒకే వడ్డెరపల్లె వాళ్లు. కుర్రతనంలో కలిసి రాజస్థాన్ ఎడారికి కాలువ తవ్వే పనికి వెళ్లారు. అక్కడ ఒక ఎర్రరాతి గుట్ట గుహలో బండ ఎత్తుతుంటే, కింద రాగి బిందె నిండా పాతకాలం బంగారు నగలు బయటపడ్డాయి. మేస్త్రీ మనుషులకు వాసన తగిలింది. జీపు మాట్లాడుకొస్తానని తిరుపాలు పట్నం వెళ్లాడు. బిందెతో ఓబులేసు దాక్కున్నాడు. నాలుగోరోజు తిరుపాలు తిరిగొచ్చేసరికి ఒంటెలు కాసే భోమారాం ఎదురై, ఓబులేసు తనకు నేర్పిన ఒకే ఒక్క మాటను చిలకలా అప్పజెప్పాడు.

"కుండలో."

గుహలో పాతకాలం ధాన్యపు కుండలు గోడవారన వరుసగా ఉండేవి. తిరుపాలు గడ్డపార ఎత్తి ఒక్కోటీ పగలగొట్టాడు. దుమ్ము తప్ప ఏమీ రాలలేదు. స్నేహితుడు నెత్తిన టోపీ పెట్టి పారిపోయాడని నమ్మి, వాడి ఏడుతరాలను తిడుతూ ఇంటిదారి పట్టాడు. ఆ తిట్లు ఊళ్లో కూడా ఆపలేదు. ఓబులేసు కూతురు హనుమక్క ఏ పెళ్లికి పోయినా, ఏ బావి దగ్గర నిలబడినా 'దొంగ కూతురు' అనే పేరు ఆమెకంటే ముందే అక్కడికి చేరేది.

ఈ వేసవిలో ఆ హనుమక్కే వచ్చి అతని గుమ్మంలో నిలబడింది.

"పెద్దనాయనా, నన్ను ఆ ఎడారికి తోడుకొని పో. మా నాయన బతికుంటే మొగాన ఉమ్మేసి వస్తా. సచ్చిపోయుంటే యాడ సచ్చినాడో సూసి వస్తా. దొంగో కాదో తెలీకుండా నేను సావను."

తిరుపాలుకూ కావలసింది అదే. బంగారం మీద ఆశ కూడా చావలేదు, అది వేరే సంగతి.

జోధ్‌పూర్‌లో రైలు దిగి, మొదట వల్లెపు చిన్ననరసింహులు ఇంటికి వెళ్లారు. కాలువ పని అయిపోయాక అక్కడే ఉండిపోయి, రాతి దుకాణం పెట్టుకున్న పాత స్నేహితుడు అతను. జొన్నరొట్టె పెట్టాడు, తన పాత జీపు ఇచ్చాడు, నీళ్ల డబ్బాలు, మోకు సర్దాడు. హనుమక్క మొహం చూసి, వెళ్లొద్దని ఒక్కసారే చెప్పి ఊరుకున్నాడు.

ఆపైన రెండురోజుల ప్రయాణం. ఊళ్లో ట్రాక్టరు తోలే అలవాటున్న హనుమక్కే జీపు నడిపింది. నిప్పులు చెరిగే ఎండ. ఇసుకలో చక్రాలు కూరుకుపోతే ఇద్దరూ దిగి, ముళ్లకంపలు పరిచి, భుజాలతో తోశారు. దారిలో మరో పాత స్నేహితుడి ఇంటి ముందు ఆగితే తలుపుకు తాళం, చూరు కింద పిచ్చుక గూడు మాత్రం కనిపించాయి. మనిషి పోయి ఏడేళ్లయిందని పక్కింటివాళ్లు చెప్పారు. తిరుపాలు ఆ గడప మీద కాసేపు కూర్చుని లేచాడు.

మూడోరోజు ఉదయానికి భోమారాం గుడిసె చేరారు. ముసలివాడు తిరుపాలును గుర్తుపట్టి కావలించుకున్నాడు. వచ్చీరాని హిందీలో మాటలు సాగాయి.

"ఓబులేసు బాగున్నాడా? రాలేదేం?" అన్నాడు భోమారాం.

తిరుపాలు హనుమక్క వైపు చూశాడు.

"మీరిద్దరూ కలిసే మీ దేశం వెళ్లిపోయారనుకున్నాను. నీకు మాట చెప్పి, ఆరోజే నేను ఒంటెలతో గుజరాత్ వైపు మేతకు వెళ్లాను కదా. సరే, కూర్చోండి. దాహానికి ఇవ్వాలన్నా బురద నీళ్లే ఉన్నాయి. ఈ ఏడు మా కుండ్ ఎండిపోయింది."

"ఏం ఎండిపోయింది?"

"కుండ్." భోమారాం వాకిలి వైపు చెయ్యి చూపాడు. నేలలో గుండ్రంగా దిగిన వాననీటి గొయ్యి, పైన సున్నపు గుమ్మటం, దూరేందుకు చిన్న కిటికీ.

"దాన్ని టాంకా అంటారు గదా!" తిరుపాలు లేచి నిలబడ్డాడు. "కాలువ కాడ అందరూ టాంకా అనే వాళ్లు!"

"అది అటువైపు మాట. మావైపు కుండ్ అంటాం. నాతో నెల తిరిగాడుగా, ఓబులేసు కూడా కుండ్ అనే అనేవాడు. నీకు అదే చెప్పమన్నాడు, కుండ్‌లో అని."

తిరుపాలు నేల మీద కూలబడ్డాడు. వాడు అన్నది కుండ్‌లో, తాను విన్నది కుండలో. ఎక్కడో పొల్లు జారిపోయింది. హనుమక్క అతని రెక్క పట్టుకుని లేపింది.

"లెయ్ పెద్దనాయనా! ఆ గుట్ట కాడ కుండ్ ఉండాదేమో అడుగు!"

ఉంది. గుహకు నూరడుగుల అవతల, ఎప్పుడో వాడకం మానేసిన కుండ్. భోమారాం కూడా జీపెక్కాడు.

ఎర్రగుట్ట ఎప్పటిలాగే ఉంది. గుహలో గబ్బిలాల కంపు, నేలంతా పెంకులు. తాను చేసిన ఘనకార్యాన్ని తొక్కుకుంటూ తిరుపాలు బయటికొచ్చి, ఇసుకలో సగం పూడిన గుమ్మటం దగ్గరికి పరుగెత్తాడు. ముగ్గురూ చేతులతో ఇసుక తోడారు. కిటికీ తెరుచుకుంది. మోకు ఒక కొస జీపుకు కట్టి, రెండో కొస నడుముకు బిగించుకుని తిరుపాలు లోపలికి జారాడు. మూడు నిలువుల లోతు.

టార్చి వెలుగులో ముందు రాగి బిందె కనిపించింది. దాని పక్కన, గోడకు ఆనుకుని కూర్చున్నట్టే, ఓబులేసు ఎముకలు. పక్కనే చుట్టచుట్టిన తాడు. మేస్త్రీ మనుషుల కంట పడకుండా తానే దాన్ని కిందికి లాక్కున్నాడు. స్నేహితుడు వచ్చి పైకి లాగుతాడని అంత నమ్మకం మరి.

తిరుపాలు ఏడవలేదు. ఏడుపు రావాలన్నా ఒంట్లో ఏదో మిగలాలి. టార్చి గోడ మీదికి తిప్పాడు. సున్నం మీద ఉలితో గీసిన వంకర అక్షరాలు. రెండుసార్లు చదివాడు.

"ఆంధీ! ఆంధీ వస్తోంది!" పైనుంచి భోమారాం కేక.

"పెద్దనాయనా! ఆకాశం నల్లగయింది! పైకి రా!"

ఇసుకగాలి గుమ్మటాన్ని గుద్దింది. పాత సున్నం పెళపెళ రాలింది. ఒక రాయి ఊడి తిరుపాలు భుజం మీద పడింది. బిందె ఎత్తబోయాడు, అడుగు మట్టిలో పూడుకుపోయి కదల్లేదు. నగలు తీసి మూటకట్టడానికి తలగుడ్డ విప్పాడు. బంగారం, ఎముకలు. రెండింటికీ ఉన్నది ఒకే గుడ్డ. చేతులు ఒక్క క్షణం ఆగిన మాట నిజం, అబద్ధం ఎందుకు? ఆ తర్వాత అతను ఎముకలు ఏరాడు.

"లాగండి!"

హనుమక్క జీపును ముందుకు ఉరికించింది. మోకు బిగిసింది. కిటికీ అంచుకు మోచేతులు చీరుకుపోతుంటే మూటను గుండెకు అదుముకుని తిరుపాలు బయటపడ్డాడు. భోమారాం అతని జుట్టు పట్టి ఈడ్చాడు. ఇరవై అడుగులు పోయారో లేదో, గుమ్మటం ధబీమని లోపలికి కూలింది. ఇసుక దాని మీదికి ఏరులా పారింది. ముప్పయ్యేళ్ల ఆశ, తవ్వి తియ్యడానికి వీల్లేకుండా పోయింది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

గాలి తగ్గేదాకా జీపులో దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. హనుమక్క మూటను ఒళ్లో పెట్టుకుంది.

"మా నాయన దొంగ కాదు," అంది. అది ఆమె తనకు తాను చెప్పుకున్నట్టు ఉంది. కాసేపటికి మళ్లీ అడిగింది. "లోపల గోడ సూస్తాంటివి గదా సానాసేపు. ఏమన్నా రాసినాడా?"

అబద్ధం చెప్పే తీరిక తిరుపాలుకు కావలసినంత ఉంది. ఇంటికి చేరేసరికి అందమైన అబద్ధాలు పది అల్లగలడు. కానీ ముప్పయ్యేళ్లు ఈ పిల్లకు చెప్పినవి చాలనిపించింది.

"రాసినాడు," అన్నాడు. "'అన్నా, వచ్చినావా. కుండలు పగిలేది ఇనపడతాంది. నేను ఈడ ఉండా. అరుస్తాండా.' అంతే."

భోమారాంకు భాష తెలియదు, అయినా తల దించుకున్నాడు.

"ఎంతసేపు పగలగొట్టినావు పెద్దనాయనా?"

"పొద్దు గూకేదాంకా."

ఆమె మూటను దగ్గరికి తీసుకుని, మొహం అటు తిప్పుకుంది.