ఐసు ఫ్యాక్టరీ మిట్ట మీద చెయ్యి

అన్యాయం జరిగింది పంక్చర్ల పెద్దాయనకి. పోయిన ఆగస్టు పదకొండున, పట్టపగలు, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ పక్కనున్న మిట్ట మీద. ఎవరో టీచరమ్మ బరువు బ్యాగుతో సైకిలు తొక్కలేక ఆపసోపాలు పడుతుంటే చూడలేక వెనక నుంచి నెట్టాడు. అంతే. "దొంగ!" అని ఒకడు అరిచాడు. మిగతావాళ్ళు తలో చెయ్యీ వేశారు. "అయ్యో, నెట్టాడంతేనండీ..." అని ఆవిడ మొత్తుకుంటున్నా వినే తీరిక ఎవరికుంది? ఊరికే సాయం చేసేవాడు దొంగ కాకపోతే ఇంకెవడు!

ఆ రాత్రి నుంచి పెద్దాయన కనబడలేదు. కొట్టు తెరుచుకోలేదు. ఆ దెబ్బలకి పోయే ఉంటాడన్నారు. వెతికితే పోలీసు కేసు, వెతక్కపోతే దెయ్యం — కాలనీ పెద్దలకి దెయ్యమే చవగ్గా తోచింది.

నెల తిరక్కుండానే మిట్టకి చెడ్డపేరొచ్చింది. చీకటి పడ్డాక అటు సైకిలు మీద వెళ్తే... సగం ఎత్తులో వెనక చెయ్యి పడుతుందట. లాగదు, పడెయ్యదు — నెడుతుంది! మిట్టెక్కించి మాయమైపోతుందట.

పడేసే దెయ్యమైతే ఇంత గోల ఉండేది కాదు. మేలు చేసి ఏమీ అడగని దెయ్యమయ్యేసరికి, దాని కడుపులో ఏముందోనని ఒక్కొక్కళ్ళకీ చలిజ్వరాలు.

ఆసుపత్రి ఆయమ్మకి మాత్రం చుట్టుదారిన వెళ్ళే యోగం లేదు. రాత్రి డ్యూటీకి అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. "ఇంకోసారైతే గేటు దగ్గర్నుంచి అటే ఇంటికి పో, ఉద్యోగం లేదు" అని హెడ్ నర్సు తేల్చేసింది. ఆ పూట అత్తగారు కూరలో ఉప్పు గురించి ఉపన్యాసం ముగించేసరికి బయట చిమ్మచీకటి.

"మిట్ట మీంచే? దెయ్యం పట్టుకుంటే?"

"మిమ్మల్ని భరించినదాన్ని అత్తయ్యా, అదో లెక్కా?"

నోరు అంత ధాటిగా ఉంది గానీ, మిట్ట మొదట్లోకొచ్చేసరికి ఆంజనేయ దండకం అందుకుంది. తొక్కుతోంది... ఊపిరి బరువెక్కుతోంది... సగం ఎత్తులో సైకిలు ఉన్నట్టుండి తేలికైంది.

వెనక — చెయ్యి!

కెవ్వుమనబోయింది. అంతలో టక్కున చైను ఊడింది. కాళ్ళు నేలకానించి కళ్ళు మూసుకుంది. వెనక ఏదో కూర్చున్న అలికిడి... కరకరా చైనెక్కిస్తున్న చప్పుడు...

"ఖళ్... ఖళ్..."

దెయ్యాలకి దగ్గుంటుందా?

ఫోన్ లైటు వేసింది. మోచేతుల దాకా గ్రీజు, వంకరపోయిన ముక్కు. పెద్దాయన!

"లైటార్పు తల్లీ..." అన్నాడు గుసగుసగా. "బతికున్నానని తెలిస్తే మళ్ళీ కొడతారు."

"బాబాయ్! ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావు?"

"ఫ్యాక్టరీలోనే, వాచ్‌మన్ గదిలో. పగలు నెడితే దొంగనయ్యాను. రాత్రి నెడితే దెయ్యాన్నయ్యాను. దెయ్యం మీద ఎవడూ చెయ్యెత్తడు కదమ్మా."

"తన్నులు తిన్నది చాలక, ఇంకా ఈ పీడ దేనికి నీకు?"

"ఎవరైనా ఆయాసపడుతుంటే... వింటూ కూర్చోలేను తల్లీ."

తన ఆయాసం ఇంకొకరికి వినబడుతుందని ఆయమ్మ ఎన్నడూ అనుకోలేదు. నీ మేలు మర్చిపోను అందామని నోరు తెరిచిందో లేదో, మిట్ట మీద టార్చిలైట్లు వెలిగాయి. కాలనీ సంఘం వాళ్ళు! కర్రలతో, కార్యదర్శి ముందు నడుస్తూ. ఇవాళ దెయ్యాన్ని పట్టి తీరాలని తీర్మానమట.

పెద్దాయన గోడ నీడలోకి నక్కాడు. ఆయమ్మ సైకిలు నడిపించుకుంటూ పైకెళ్ళింది. ఆసుపత్రి గేటు మూసే వేళవుతోంది. ఏం లేదంటే వీళ్ళు దిగి చూస్తారు...

"చూశావా ఆయమ్మా?"

"చూశాను." గొంతు తగ్గించింది. "పాదాలు వెనక్కున్నాయి. నన్నేం చెయ్యలేదు. ఒక్కటే అడిగింది..."

"ఏమని?"

"ఆ రోజు మొదటి దెబ్బ ఎవడిది అని."

కర్రొకటి జారి టపామని రోడ్డు మీద పడింది.

"నువ్... నువ్వేం చెప్పావ్?" కార్యదర్శి గబుక్కున టార్చి ఆర్పేశాడు.

"నాకేం తెలుసన్నాను. మీకు తెలిసే ఉంటుంది. కిందే ఉంది, వెళ్ళి చెప్పి రండి."

ఒక్క కాలూ కదల్లేదు. కదిలినవి ఇళ్ళవైపు కదిలాయి.

ఆసుపత్రి చేరేసరికి ఆలస్యం అయ్యేపోయింది. గేటు దగ్గర హెడ్ నర్సు నడుమ్మీద చేతులేసుకుని నిలబడింది. దారిలో ఒక మనిషి సాయం చేశాడంటే ఆవిడ నమ్ముతుందా? "మిట్ట మీద దెయ్యం పట్టుకుందమ్మా" అంది ఆయమ్మ. లోపలికి రానిచ్చి, కూర్చోబెట్టి, మంచినీళ్ళు కూడా ఇచ్చింది మహాతల్లి.

బతికున్నవాడితో ఒక్కడూ అనని మాట, సంఘం వాళ్ళు పెయింటరు చేత బోర్డు మీద రాయించి మిట్ట మధ్యలో నాటారు:

"పెద్దాయనా, తప్పయిపోయింది. మన్నించు. మా ఇళ్ళవైపు రావద్దు. ఇట్లు, కాలనీ సంక్షేమ సంఘం. నవంబరు 19."