గుమ్మం బయటే పరామర్శ

"రెడ్డిగూడెం నుంచి బస్సెక్కి వచ్చాడు మా అన్నయ్య. మేనల్లుణ్ణి చూడనివ్వకుండా వాకిట్లోంచే పంపేస్తావా? మీ పుట్టింట్లో ఇదేనా నేర్పింది నీకు?"

అత్తగారు జోజమ్మ ఎంత అంటున్నా ప్రేమకుమారి పక్కకు జరగలేదు. తలుపుకి అడ్డంగా నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు... అప్పుడే ఊరంతా మొగుణ్ణి గదిలో దాచుకున్న కోడలని చెప్పుకుంటోంది.

పది రోజుల క్రితం తిరువూరు చెడుగుడు పోటీల్లో కూతకు వెళ్ళిన ఆమె భర్త బాలశౌరి తలకి అవతలి జట్టువాడి మోకాలు తగిలింది. నీళ్ళు చల్లితే లేచాడు. లేచి, తిన్నగా వెళ్ళి ఎదుటి జట్టులో నిలబడ్డాడు! జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ప్రేమకుమారికి మాత్రం నవ్వు రాలేదు. పట్టుబట్టి బెజవాడ తీసుకెళ్ళింది.

"మెదడు అదిరిందమ్మా. పైకి గాయం లేదని మోసపోవద్దు. వెలుతురూ గోలా మాటలూ తగ్గించండి. నొప్పి పూర్తిగా పోకముందే మరో దెబ్బ తగిలితే ప్రాణం మీదికొస్తుంది," అన్నారు డాక్టరుగారు.

కానీ మనిషి మంచం పడితే మన ఊళ్ళలో జనం ఊరుకుంటారా? అరటిపళ్ళ అత్తం పట్టుకుని రావడం, మంచం పక్కన కూలబడటం, "ఎలా పడ్డావు నాయనా, మొదట్నుంచీ చెప్పు" అనడం... మొదటిరోజు పదకొండుమంది వచ్చారు. ఆ ఒక్కరోజే పదకొండుసార్లు పడ్డాడు బాలశౌరి, మంచం మీదే. నాలుగోనాడు సొంత చెల్లెలి పేరు గుర్తురాక గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆరోజే ప్రేమకుమారి తలుపు మూసింది.

ఇప్పుడు జోజమ్మ కోడలి చెయ్యి తోసేసి అన్నగారిని లోపలికి తీసుకెళ్ళింది. ఆయనా అందరిలాగే, ఎలా పడ్డావని అడిగాడు. బాలశౌరి మొదలుపెట్టాడు, ఆగాడు, నుదురు నొక్కుకున్నాడు.

"ఎక్కడిదాకా చెప్పాను మావయ్యా?"

ఆయన గుర్తుచేశాడు. రెండు మాటలు కాగానే మళ్ళీ అదే ప్రశ్న. మూడోసారి అడిగేసరికి జోజమ్మ గుండె జారిపోయింది. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళ మర్యాదే చూసింది గాని, కొడుకు ముఖం చూడలేదు తను...

"అన్నయ్యా, బయటికి పద. ఆ కథంతా నాకు తెలుసు, నేను చెప్తాను."

ఆ పూట నుంచి పందిరి కింద చాప పరిచి తనే కూర్చుంది. వచ్చినవాళ్ళకు మజ్జిగిచ్చి, తనే చెప్పేది. వారం తిరిగేసరికి ఆవిడ కథలో ఆ మోకాలు రోకలిబండంత అయింది. వినవచ్చిన వాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? తృప్తిగా వెళ్ళేవారు. లోపల చీకటిగదిలో బాలశౌరి హాయిగా నిద్రపోయేవాడు.

మూడు వారాలకు వెలుతురు భరించగలిగాడు. తర్వాత బస్టాండు దాకా నడక. ఆపైన చేలగట్ల మీద మెల్లగా పరుగు. నొప్పి వస్తే "లేదు" అని దాచేవాడు. ప్రేమకుమారి కనుబొమ్మలు చూసి కనిపెట్టి, డాక్టరు చెప్పినట్టే మళ్ళీ నడకకు దించేది. విసుక్కునేవాడు, తిట్టేవాడు. ఆమె పెరట్లోకి వెళ్ళి ఏడ్చుకుని వచ్చేది.

తొమ్మిదో వారంలో జట్టు నాయకుడు సుందరరావు వచ్చాడు. "ఆదివారం ఎ.కొండూరు వాళ్ళతో ఆట పిన్నీ. పది నిమిషాలు నిలబడితే చాలు."

జోజమ్మ కోడలివైపు తిరిగింది. "పంపమంటావా అమ్మా? ఆవేళ నువ్వు తలుపు మూయకపోతే వాడు నాకు దక్కేవాడు కాదు. నువ్వు ఎంతంటే అంత."

ప్రేమకుమారి మొగుడికేసి చూసింది. బాలశౌరి నుదురు తడుముకున్నాడు.

"నిన్న పరుగెత్తాక కాస్త నొప్పొచ్చింది సుందరం. ఇంకొన్నాళ్ళు ఆగుతాను."

ఎవరూ అడగకుండా తనంతట తను చెప్పడం అదే మొదలు. ప్రేమకుమారి చెంపల మీదుగా కన్నీళ్ళు జారుతున్నా పెదవుల మీద నవ్వు ఆగలేదు.

"విన్నావుగా," అంది జోజమ్మ సుందరరావుతో. "కూర్చో, అన్నం తిని వెళుదువుగాని."