అంచున అతికించిన ముక్క

"మన దేశాన్నేలే పెద్దాయన లివర్ ముక్క ఒకటి ల్యాబ్‌లో ఉంది. డాక్టర్ల పని అయ్యేదాకా కాపలా కాయాలి," అన్నాడు చీఫ్.

"ముక్కకి కాపలానా సార్?" అన్నాడు ఏజెంట్ తొండ. ఇట్టే వేషాలు మారుస్తాడని ఆ పేరు.

"కేన్సర్ గడ్డలో రక్తనాళాలు ఎంత ఎక్కువుంటే మనిషికి అంత తక్కువ టైము. పెద్దాయనకి ఆర్నెల్లే. అది తెలిస్తే శత్రువులు శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టరు, ఆయన పోయేదాకా ఆగుతారు. మూడు వారాల తర్వాత శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి కాల్పుల విరమణ ముగుస్తుంది."

తొండ తమ్ముడు సరిహద్దు కందకంలో ఉన్నాడు. తొండ ఆ రోజే ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరాడు.

తెల్లకోటు, సోడాబుడ్డి కళ్ళద్దాలు. మూడు వారాలపాటు హెడ్ టెక్నీషియన్ చేత చీవాట్లు తిన్నాడు. "స్లైడు అంచున ఉన్నది ఆరోగ్యవంతుడి లివర్ ముక్కయ్యా! నాళాలకి వేసిన రంగు సరిగ్గా పట్టిందో లేదో పోల్చుకోడానికి అతికిస్తాం. దాన్ని లెక్కపెట్టావో, నిన్ను బయటికి గెంటిస్తా!" అనేది ఆవిడ.

ఆ శుక్రవారం పదకొండూ నలభైకి తలుపు తెరుచుకుంది. నెమలి! ఐదేళ్ళు తనతో కలిసి పనిచేసిన ఏజెంట్. చెవులకు ముత్యాలు, చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

"నువ్వా, ద్రోహీ!"

"నోర్మూసుకుని పెద్దాయన స్లైడు పెట్టు. నంబరు నాకు తెలుసు. గోధుమరంగు గీతలే నాళాలనీ తెలుసు."

తొండకు ఒళ్ళు మండిపోయింది. అయినా బుద్ధిగా అదే నంబరు స్లైడు పెట్టాడు. మైక్రోస్కోపు మర రెండు చుట్లు తిప్పి, లెన్సు కిందికి అంచు ముక్కను తెచ్చాడు.

ఆమె కన్నానించింది. "నాలుగే! ఇంకోచోట చూపించు." జరిపాడు. "ఇక్కడ మూడు. ఛీ, ఈ ముసలాడికి పదేళ్ళదాకా ఢోకా లేదు!" లిప్‌స్టిక్ కెమెరాతో ఫొటో తీసి శత్రువులకు పంపింది. ఆమెకు లెక్కపెట్టడం నేర్పారు గానీ మంచి ముక్కేదో, గడ్డ ముక్కేదో పోల్చడం ఎవరూ నేర్పలేదు.

"ఇక నీ పని," అంటూ పిస్టల్ ఎత్తింది.

"నా ల్యాబ్‌లో ఎవరే నువ్వు?" వెనకనుంచి హెడ్ టెక్నీషియన్ విసిరిన ఇనప ట్రే నెమలి మణికట్టు విరగ్గొట్టింది.

పదకొండూ యాభైతొమ్మిదికి శత్రువులు పళ్ళు నూరుతూ సంతకం పెట్టారు. తమ్ముడు బతికాడని తెలిసి తొండ సిగ్గు విడిచి ఏడ్చాడు.

జరిగిందంతా విని పెద్దాయన పెన్నుకు మూత పెట్టాడు.

"మన డాక్టర్లు ఆర్నెల్లన్నారు. శత్రువులే నయమయ్యా, పదేళ్ళిచ్చారు!"