మాయమైన మొదటి ట్రాక్

మంచు ఇంకా విడలేదు. డిటెక్టివ్ ఆఫీసు కిటికీ అవతల వీధి సగం వీధిలా, సగం కలలా ఉంది. ఆ మంచులోంచి ఊడిపడ్డట్టు ఒకావిడ తడి చెప్పులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. మెడ చుట్టూ శాలువా ఉంది.

“నా గొంతు ఎవరో తీసేశారండీ,” అంది. మాట గుసగుసకన్నా ఒక్క పిసరే పైన ఉంది.

అసిస్టెంటు బిక్కమొహం వేసింది. డిటెక్టివ్ మాత్రం కుర్చీ ముందుకు జరిపింది. డిటెక్టివ్ ఒకప్పుడు టెలిఫోన్ ఆపరేటరు. మొహాలకన్నా గొంతులనే ఎక్కువ నమ్ముతుంది.

“కూర్చోండమ్మా. నీళ్లు తాగి, మొదటినుంచీ చెప్పండి.”

వచ్చినావిడ చిన్నపిల్లల టీచరు. రెండు నెలల కిందట గొంతుకి ఆపరేషన్ అయింది. తర్వాత పాత గొంతు రాదని డాక్టరు ముందే చెప్పాడు. అందుకని ఆపరేషన్‌కి ముందు, ఇంటి వెనకగదిలో, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పాట పాడి దాచుకుంది. అది మొదటి ట్రాక్. దాన్ని వింటూ భర్త ఫ్లూట్ వాయిస్తే రెండోది. దుప్పటి మీద దుప్పటి పరిచినట్టు, ఒకదానిమీద ఒకటి.

“రోజూ వింటానండీ. శనివారం పొద్దున్న కూడా విన్నా. తర్వాత నేనూ మావారూ ఆసుపత్రికి వెళ్లి, వచ్చేసరికి పొద్దుపోయింది. ఆదివారమంతా మా ఆడపడుచు కంప్యూటర్ దగ్గర కూర్చుని తన కూనిరాగం కలిపింది. సోమవారం నేను పుస్తకాలు దిద్దడానికి బడికి, తను కుట్టుషాపుకి. మావారికి సెలవు. సాయంత్రం చూస్తే నా ట్రాక్ లేదు. ఇంకో కాపీ కూడా లేదు.”

“ఎవరిమీద అనుమానం?”

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. “మావారే. ‘ఆ పాట తీసి పారేస్తా’ అని రెండుసార్లు అన్నారు. ఆయనే అయితే ఆ ఇంట్లో ఇక ఉండలేనండీ. అది తేల్చిపెట్టండి చాలు.”

టీచరు ఇంట్లో వెనకగది చిన్నది. బయటి చప్పుళ్లు రాకుండా గోడలకు పాత బొంతలు వేలాడదీశారు. మైకు టేబుల్ ల్యాంపుకి కట్టి ఉంది. హెడ్‌ఫోన్ల మెత్తలు చిరిగి లోపలి స్పాంజి బయటికొచ్చింది. డిటెక్టివ్ అవి తగిలించుకుని, మిగిలిన పాట పెట్టి, కళ్లు మూసుకుంది. బారెడు దూరంలో నిలబడ్డ అసిస్టెంటుకి కూడా, ఎక్కడో ఏటి అవతల వాయిస్తున్నట్టు, ఫ్లూట్ సన్నగా వినిపించింది.

“మేడం, బయటికి వినపడుతోంది.”

“వినపడనీ. నోట్సులో పువ్వులు గీయడం ఆపి, అది రాసుకో.”

ముందు భర్తను పిలిచారు. ఆయనది గడియారాలు బాగుచేసే పని.

“తీసి పారేస్తానన్నారా?”

“అన్నానండీ. కోపమొస్తే నోటికొచ్చింది అంటాం. రెండు నెలల్లో నాతో పది మాటలు మాట్లాడలేదు. అస్తమానం అవి చెవులకి తగిలించుకుని కూర్చుంటుంది. నేను గడియారాలతో కబుర్లు చెప్పుకుంటున్నా. కానీ తీయలేదు. రికార్డు బటన్ తప్ప నాకందులో ఏమీ తెలీదు.”

“ఫ్లూట్ ఎప్పుడు వాయించారు?”

“తను పాడిన మర్నాడే. తన పాట చెవుల్లో పెట్టుకుని.”

తర్వాత ఆడపడుచు వచ్చింది. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతోంది. “ఆదివారం వదిన గొంతు అక్కడే ఉందండీ. సోమవారం నేను షాపులో ఉన్నా.”

“నువ్వు పాడేటప్పుడు చెవుల్లో ఏం వినపడింది?”

“అన్నయ్య ఫ్లూట్, వదిన గొంతు. రెండూ.”

“వదిన గొంతు ఆపేసి పాడలేదు కదా?”

“భలేవారే! అది లేకుండా నాకు శ్రుతి ఎక్కడ దొరుకుతుంది?”

మధ్యాహ్నం డిటెక్టివ్ ముగ్గురినీ వెనకగదిలో కూర్చోబెట్టింది. కిటికీలోంచి పాలలాంటి వెలుగు వస్తోంది.

“ఈ హెడ్‌ఫోన్లు చిరిగాయి. చెవిలో మోగేది బయటికి కారుతుంది. పాడేవాళ్ల గొంతుతో పాటు మైకు దాన్నీ పట్టేసుకుంటుంది. ఇప్పుడు ఈ కూనిరాగం ఒక్కటే వినండి.”

స్పీకర్ల శబ్దం బాగా పెంచింది. కూనిరాగం ఊపిరి తీసుకున్నచోటల్లా, వెనకాల, దారమంత ఫ్లూట్ వినిపించింది. ఇంకేమీ లేదు.

“ఫ్లూట్ కారింది. వదిన గొంతు ఎందుకు కారలేదు? ఆదివారం నువ్వు పాడేసరికే ఆ ట్రాక్ లేదు గనక. శనివారం ఇంట్లో ఉన్నది నువ్వొక్కదానివే, ఆదివారం విన్నానని చెప్పిందీ నువ్వే, అమ్మాయ్.”

ఆడపడుచు టేపుని వేలికి చుట్టుకుంది, విప్పింది. “నేనే తీశా. డాక్టరు రోజూ పావుగంట మాట్లాడమన్నాడు. ఒక్కరోజన్నా మాట్లాడిందా? పిలిస్తే పలకదు. ఎదురుగా ఉన్నా ఇంట్లో లేనట్టే. అది లేకపోతే మా వదిన మాకు దొరుకుతుందనుకున్నా. తీశాక భయమేసి, ఆదివారం దాకా ఉందని అబద్ధమాడా. అన్నయ్య మీదకి పోతుందని తట్టలేదు.”

“నా గొంతు చెరిపేసి నాకు మాటలు నేర్పుతావా? అడగడానికి నోరు లేదూ నీకు!”

టీచరు గొంతు చీలింది. ఆ కేక విని భర్త సగం లేచి నిలబడ్డాడు. రెండు నెలల్లో ఆ ఇంట్లో అంత పెద్ద మాట ఎవరూ వినలేదు.

డిటెక్టివ్ కూనిరాగం ఆపి, ఫ్లూట్ ఒక్కటే పెట్టింది.

ఫ్లూట్ వెనకాల, మంచు అవతలి ఒడ్డునుంచి వచ్చినట్టు, ఒక ఆడగొంతు. మాటలు తెలియడం లేదు. కానీ వంపులన్నీ ఉన్నాయి. టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అసిస్టెంటు రాయడం మానేసి చాలాసేపయింది.

“ఇన్నాళ్లూ నా ఊదుడు వెనక నువ్వున్నావని నాకే తెలీదు,” అన్నాడు భర్త.

“మిమ్మల్ని అనుమానించాను.”

“సర్లే. గడియారాలు మాత్రం నమ్మాయి నన్ను.”

ఆడపడుచు తలొంచుకుని గుమ్మం వైపు నడిచింది.

“ఎక్కడికి?” అంది టీచరు. “ఇలా వచ్చి కూర్చో. కొత్త ట్రాక్ తెరువు.”

“వదినా...”

“కోపం పోలేదు నాకు. ఇప్పట్లో పోదు కూడా. అయినా తెరువు.”

ఆడపడుచు తడికళ్లతోనే బటన్ నొక్కింది. టీచరు మైకుకి దగ్గరగా వంగి, అరిగిపోయిన కొత్త గొంతుతో మొదటి మాట అందుకుంది. కంప్యూటర్ తెర మీద, ఫ్లూట్ కింద, ఒక గరుకు గీత మెల్లగా ముందుకు సాగింది.