వెనకగది పాదాలు

చలికాలం వెనక్కి వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోతున్న రోజులవి. ఉదయం ఎనిమిది కావస్తుండగా ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో పదిహేడో గడిని పెన్నుతో కొట్టేసింది కూతురు. నలభై గడులు, నలభై రోజులు, నలభై చిన్న పనులు. రోజుకి పావుగంట, అంతే. ఒకరోజు చెంచాల సొరుగు, ఒకరోజు మందుల డబ్బా, ఒకరోజు తలుపు వెనక వేలాడే సంచులు. వసంతం వచ్చేలోగా ఇల్లు తేలికపడాలని ఆమె పట్టుదల. ఆమె పెద్దాసుపత్రి స్టోరుకి ఇన్‌చార్జి. దూది చుట్టల దగ్గర్నుంచి మంచం చక్రాల దాకా అక్కడ ప్రతి వస్తువుకీ ఒక చీటీ, ఒక అర. చీటీ లేని వస్తువు ఆమె లెక్కలో చెత్తకి దగ్గరి చుట్టం.

ఇంట్లో ఆమెకి అడ్డం నిలబడ్డ కొండ ఒక్కటే, తండ్రి. ఎనభై ఏళ్ళ బూట్ల మేస్త్రి. ఏ వస్తువు ఎత్తినా ఆయన దగ్గర దానికో కథ ఉంటుంది. అందులో నిజం పావువంతు, మిగతా ముప్పావు సొంత తయారీ.

"ఇవాళ దేనిమీద దాడి, ఇన్‌స్పెక్టరమ్మా?" అన్నాడు మెట్ల మీంచి ఒక్కో మెట్టూ పట్టుకుని దిగుతూ.

"గొడుగుల బుట్ట. ఏడు గొడుగులున్నాయి నాన్నా. మనం ముగ్గురమే."

"నల్లదాన్ని మాత్రం ముట్టుకోకు. ఒకసారి గాలివానలో అది నన్ను అమాంతం లేపి ఎదురింటి పెంకుల మీద దించింది. ఉత్తచేతులతో దిగిరావడం మర్యాద కాదని, రెండు పెంకులు సరిచేసి మరీ దిగాను."

అల్లుడు సిటీ బస్సు డ్రైవరు. టీ కప్పు మీంచి తలెత్తాడు. "ఎదురింటివాళ్ళది డాబా కదా మామయ్యా."

"అప్పుడు పెంకులుండేవి. నువ్వప్పటికి పుట్టలేదు. నీ సాక్ష్యం చెల్లదు."

"దీని చువ్వలన్నీ విరిగిపోయాయి నాన్నా."

"పాపం, నా బరువు మోసింది కదమ్మా."

కూతురికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. నవ్వితే గొడుగు ఇంట్లోనే ఉండిపోతుందని ఆమెకి అనుభవం. అయినా ఆమె కళ్ళు గొడుగుల మీద లేవు, ఆయన మెట్టు దిగిన తీరు మీదే ఉన్నాయి. రెండు నెలల క్రితం ఆ మెట్ల మీదే జారి తుంటి ఎముక చిట్లించుకున్నాడాయన. మళ్ళీ పడితే లేవరని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. ఆయన పడక పై అంతస్తులో ఉంది. కింద మంచం పట్టే చోటు వెనకగది ఒక్కటే. ఈ నలభై రోజుల సంబరమంతా ఆ ఒక్క గది కోసమే. దానిపేరు తిన్నగా ఎత్తితే ఆయన ఒప్పుకోడని, చెంచాల సొరుగు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరిగి వస్తోంది.

వెనకగది నిండా పాదాలు. చెక్కపాదాలు. బూటు కొలతకి కుట్టాలంటే ముందు ఆ మనిషి పాదాన్ని చెక్కలో చెక్కి, దానికి తోలు బిగించి కుడతారు. యాభై ఏళ్ళలో ఆయన చేతికి కాలు అప్పగించిన ప్రతి మనిషీ ఆ గది అరల్లో జతగా నిలబడి ఉన్నాడు. అడుగున పెన్సిలుతో పేరు. లావు పాదాలు, సన్న పాదాలు, బొటనవేలు పక్కకి తిరిగినవి, చంటిపిల్లలవి. "ఊరంతా మన వెనకగదిలోనే నిలబడి ఉంది" అనేవాడు. గొడుగు కథ ఎలాంటిదో ఇదీ అలాంటిదేనని వదిలేసేది కూతురు.

"నాన్నా, రేపటి పని వెనకగది," అంది మాట అటు పడేసి ఇటు చూడకుండా. "పాడైనవి మాత్రమే తీస్తాను. ఒక్క అర ఖాళీ అయినా చాలు."

ఆయన కర్ర మీద గడ్డం ఆనించాడు.

"పాడైనవి తీసుకో. నా చేతిలో ఒక్కటీ పాడవలేదు. వెతుక్కో పో."

మర్నాడు అల్లుడు ఆయన్ని కాలి వ్యాయామానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కూతురు వెనకగది తలుపు తీసి, వంటింటి గంటని పావుగంటకి తిప్పి పెట్టింది. దుమ్ములో వరసగా నిలబడ్డ అన్ని పాదాల్ని చూసేసరికి, నిండు సభలోకి పిలవకుండా వచ్చినట్టు అడుగు వెనక్కి వేసింది ఒక్క క్షణం. తరవాత స్టోరు ఇన్‌చార్జి నిద్రలేచింది. పేరుందా, జత కుదిరిందా, అతుకులున్నాయా? మూడే ప్రశ్నలు. అన్నీ నెగ్గాయి, అట్టడుగు అర తప్ప. ఆ అరలో ఒక్కదానికీ పేరు లేదు, ఏదో ఒక అంకె ఉందంతే. జతలో కుడిది మామూలుగానే ఉంది. ఎడమదానికి మడమ కింద బెరడు ముక్కలు పొరలు పొరలుగా అంటించి ఉన్నాయి. చెక్కడం తప్పిపోతే అతుకేసి కప్పిపుచ్చినట్టుంది. ఒకటీ రెండూ కాదు, అర నిండా అవే. పాపం నాన్న, తప్పిపోయినవి కూడా పారేయలేక దాచుకున్నాడు అనుకుంది. అడిగితే ఒక్కోదానికీ గంట కథ. అడగలేదు.

గంట మోగేసరికి రెండు గోనెసంచులు నిండాయి. వీధి చివర రొట్టెలు కాల్చే ఆవిడది కట్టెల బట్టీ. కబురు పంపితే వచ్చి, తోపుడుబండి మీద వేసుకుని వెళ్ళిపోయింది.

తండ్రి పదకొండింటికి వచ్చాడు. వస్తూనే వెనకగదిలోకి వెళ్ళాడు. కూతురు వంటింట్లోంచి, కథ కోసమన్నట్టు, చెవి రిక్కించింది. మాటే లేదు. వెళ్ళి చూస్తే, నడుం వంచకూడని మనిషి నేల మీద కూర్చుని, ఖాళీ అరలోకి చెయ్యి పెట్టి తడుముతున్నాడు.

"కింది అర ఏది?"

"అవి పాడైనవి నాన్నా. పేర్లు లేవు, ఎడమ కుడి కుదరలేదు, అతుకులు..."

"ఏది?"

"బట్టీకిచ్చాను."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకి.

"యాభై ఏళ్ళ మేస్త్రిని. పేరు రాయడం మర్చిపోతానా? ఎడమేదో కుడేదో తెలియదా నాకు?"

"నాకెలా తెలుస్తుంది? ఏది అడిగినా గాల్లో ఎగిరిన కథే చెప్తావు. ఏది నిజమో ఏది కాదో ఎప్పుడైనా తెలియనిచ్చావా? నువ్వు మళ్ళీ పడితే ఎత్తుకోవలసింది నేను. నీకు మంచం వేసే చోటు కోసమే కదా ఇదంతా."

"నా మంచం కోసం మీ అమ్మని బట్టీకి పంపావా?"

అల్లుడు టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. ముసలాయన అరని పట్టుకుని లేవబోయాడు. లేవలేకపోయాడు. అప్పుడు భార్యాభర్తలిద్దరూ చెరో రెక్కా పట్టుకున్నారు. వీధి చివరిదాకా రెండు వందల అడుగులు.

రొట్టెలావిడ పిండి చేతులతోనే ఎదురొచ్చింది. వాళ్ళ ముఖాలు చూసి అడక్కుండానే చెప్పింది.

"ఐదు జతలు వేశాను తాతా. ఆరో జతలోది చేతిలోకి తీసుకుంటే బతికున్న కాలు పట్టుకున్నట్టయింది. పొయ్యిలో పెట్టబుద్ధి కాలేదు. మిగతావన్నీ అదిగో."

సంచుల్ని రొట్టెల బల్ల మీద పోశారు. పిండి చల్లిన ఆ పొడుగాటి బల్ల మీద, అంకెలు చూసుకుంటూ ఒక్కో జతా నిలబెట్టుకుంటూ పోయాడాయన. ఆ అంకెలు సంవత్సరాలని అప్పటికి అర్థమైంది కూతురికి. తాను పుట్టకముందు మొదలై అమ్మ ఉద్యోగం మానేసిన ఏడాదితో ముగిశాయి. ముప్పై ఒక్క ఏళ్ళు. అమ్మ ఇప్పుడు లేదు. బతికున్నప్పుడు పోస్టమ్మ. సంచి భుజాన వేసుకుని ఊరి నాలుగు మూలలకీ ఉత్తరాలు పంచిన మనిషి. ఆ నడక చూసి జనం గడియారాలు సరిచేసుకునేవారని నాన్న చెప్పే కథ.

మొదటి ఎడమ పాదం కింద మూడు పొరలు. పదేళ్ళ తరవాత నాలుగు. చివరిదానికి ఏడు. వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చి అక్కడ ఆగింది ఆమె వేలు.

"అమ్మకి కాలు..."

"ఎడమది పొట్టి. పుట్టుకతోనే," అన్నాడాయన. కథ చెప్పే గొంతు కాదది. అలాంటి గొంతు ఆయనకి ఉందని కూతురికి తెలియదు. "ఉద్యోగానికి వెళ్తే, నడిచి చూపించమన్నారట. వారం గడువడిగి తిన్నగా నా కొట్టుకొచ్చింది. మేస్త్రీ, నన్ను తిన్నగా నడిపించగలవా అంది. బయటికి రెండు బూట్లూ ఒకే ఎత్తు ఉండాలి. లోపల ఎడమ కాలి కింద మెట్టు దాచాలి. అలాంటిది అంతవరకు కుట్టలేదు నేను. కుట్టాను. నడిచి చూపించింది. ఉద్యోగం ఇచ్చారు. వయసుతో నడుం వంగేకొద్దీ తేడా పెరిగేది. ఏడాదికోసారి కొత్తగా చెక్కేవాణ్ణి. తెలిస్తే ఉద్యోగం పోతుంది, అందుకని పేరు రాయలేదు. తరవాత అలవాటైపోయింది."

"నాకు కూడా చెప్పలేదేం?"

"చెప్పొద్దంది. బళ్ళో తనని పిల్లలు పిలిచిన పేరొకటుంది. ఆ పేరు నీ చెవిన పడకూడదంది."

కూతురు బల్ల అంచు పట్టుకుంది. చలి అంటూ మంచం దిగకముందే బూట్లు తొడుక్కునే అమ్మ. ఇంట్లో కూడా విప్పని అమ్మ. వాన నీళ్ళు దాటుకుంటూ తనని బడికి తీసుకెళ్ళిన అమ్మ. పడుకున్న మనిషి కాళ్ళు ఎవరు కొలిచి చూస్తారు? ఒక ఊరు మొత్తాన్ని, కన్న కూతుర్ని, పైఅధికారుల్ని, ముప్పై ఒక్క ఏళ్ళు ఇద్దరంటే ఇద్దరు కలిసి మోసం చేశారు. ఎంత అందమైన మోసం. రోజుకి ఎన్ని మైళ్ళు నడిచి ఉంటుందో లెక్క కడదామని చూసింది ఆ లెక్కల మనిషి. ఆమెకి లెక్క సాగలేదు. అమ్మ ఉన్నట్టుండి ఇల్లంత ఎత్తుకి పెరిగినట్టుంది.

"కాలిపోయిన ఐదూ ఎవరివి... అంటే, ఏ ఏటివి?" అడిగింది రొట్టెలావిడ మెల్లగా.

ఆయన బల్ల మీది ఖాళీల మీద చెయ్యి ఆనించాడు. "ఇది పెళ్ళయిన మూడో ఏడు. ఇవి రెండూ బదిలీ ఏళ్ళవి. ఇది ఆవిడకి జ్వరం చేసిన ఏడు." చివరి ఖాళీ దగ్గర ఆగాడు. "ఇది నువ్వు కడుపులో ఉన్నప్పటిది. పాదం ఉబ్బింది, కొలత మూడుసార్లు మార్చాను."

అప్పుడు ఏడ్చింది కూతురు. పిండి బల్ల మీదికి వంగి, చిన్నపిల్లలా, ముక్కు ఎగబీలుస్తూ ఏడ్చింది. "నన్ను తిట్టు నాన్నా. ఏదో ఒకటి అను."

"తిట్టడానికి నీ తప్పేదీ దొరకడంలేదు. పేరు రాయనివాణ్ణి నేను. నిజం చెప్పాల్సిన చోట కూడా కథలు చెప్పినవాణ్ణి నేను." ఆయన జేబురుమాలు తీసి ఇచ్చాడు. "ఆ గదిలో మంచం వేయించు. వీటిని గోడ పైదాకా ఎక్కించండి. అల్లుడు పొడుగే కదా, నిచ్చెన ఖర్చు లేదు."

అల్లుడు తల ఊపాడు.

కూతురు కళ్ళు తుడుచుకుంది. "నాన్నా. బూట్లు లేకుండా ఎలా నడిచేది అమ్మ?"

ఆయన చేతికర్ర ఆమెకిచ్చాడు. అల్లుడు పట్టుకోబోతే వద్దన్నాడు. బట్టీ ముందు, పిండి రాలిన నేల మీద నడిచాడు. ఎడమ అడుగు పడినప్పుడల్లా భుజం ఒక్కసారి కిందికి దిగి, మళ్ళీ అలలా పైకి లేచింది. తల మాత్రం వంగలేదు. గడ్డం పైకెత్తి, అక్కడ లేని ఉత్తరాల సంచిని అరచేత్తో అదుముకుంటూ, ఆరడుగులు వేశాడు. ఆ ఆరడుగుల్లో ఎనభై ఏళ్ళ ముసలాయన లేడు. కొట్టు గుమ్మంలో నిలబడి, నన్ను నడిపించగలవా అని అడిగిన పిల్ల ఉంది. రొట్టెలావిడ చేతిలోని చేట కిందికి దించేసింది.

చిన్నప్పుడు తాను వెనకాల పరుగెత్తిన అమ్మని కూతురు ఉన్నదున్నట్టు మొదటిసారి చూసింది.

"ఇంకొక్కసారి నాన్నా," అంది.

ఆయన వెనక్కి తిరిగాడు. ఈసారి ఆమె పక్కకొచ్చి మోచెయ్యి పట్టుకుంది. ఆయన భుజం ఎక్కడ దిగుతోందో చూసుకుంటూ, అక్కడే తన భుజమూ దించి, అడుగు కలిపింది.